నోటు మీది సాక్షి

మా నెల్లూరులో దసరా తొమ్మిది రోజుల్లో ఒక రోజు మా వీధి అమ్మవారికి నోట్లతో అలంకారం చేస్తాం. ఆ రోజు ఆవిడ ధనలక్ష్మి. చీర అంచుకు పది రూపాయల నోట్లు, కుచ్చిళ్లకు వందలు, వెనక మకరతోరణానికి ఐదువందలు. ముప్పై ఏళ్లుగా ఈ పని నా మీదే పడుతోంది. నాకేదో భక్తి ఎక్కువని కాదు, నేను బ్యాంకులో క్యాషియర్ని. కొత్త నోట్ల ప్యాకెట్లు తేవడం, రాత్రంతా కూర్చుని వాటిని విసనకర్రల్లా మడిచి దారంతో కట్టడం, మర్నాడు విప్పి ఎవరి సొమ్ము వాళ్లకి రూపాయి తేడా లేకుండా అప్పజెప్పడం, అన్నీ నావే. పిన్ను కొట్టకూడదు, జిగురు పూయకూడదు. అంతవరకే నా షరతు.

2022 దసరాకి అలంకారం పూర్తయ్యేసరికి తెల్లవారుజామున మూడయింది. నిచ్చెన దిగి నాలుగడుగులు వెనక్కొచ్చి చూశాను. అన్నేళ్లలో ఎప్పుడూ పట్టించుకోనిది అప్పుడు కంటపడింది. అమ్మవారి ఒంటినిండా గాంధీలు. కొన్ని వందల గాంధీలు, అందరిదీ అదే నవ్వు. కొల్లాయి కట్టుకుని తిరిగిన మనిషిని తెచ్చి ఆవిడకి పట్టుచీరగా చుట్టేశాం. నాలో నేను నవ్వుకుని ఇంటికెళ్లి పడుకున్నాను.

మూడు వారాలు తిరిగేసరికి, అక్టోబర్ 26న, అప్పటి ఢిల్లీ ముఖ్యమంత్రి అరవింద్ కేజ్రీవాల్ ఒక కోరిక కోరారు. నోటుకి ఒకవైపు గాంధీని అలాగే ఉంచి, రెండోవైపు లక్ష్మీదేవి, వినాయకుడి బొమ్మలు వేయాలని, దాంతో దేశానికి మేలు జరుగుతుందని. ఇండోనేషియా వాళ్లు వేయలేదా అన్నారు. వేశారు, నిజమే. 1998లో వచ్చిన వాళ్ల 20,000 రూపియాల నోటు మీద కి హజర్ దేవంతర అనే విద్యావేత్త పక్కన వినాయకుడున్నాడు. ఆ నోటు ఎప్పుడో చెలామణీలోంచి పోయింది. ఆ కోరిక వెనకే ఒకరు అంబేడ్కర్ని వేయమన్నారు, ఇంకొకరు శివాజీని వేయమన్నారు. మా గుడి అరుగు మీద కూడా రెండు జట్లయ్యాయి. చివరికి అందరూ నా వైపు తిరిగి, “నువ్వు చెప్పబ్బాయ్, ముప్పయ్యేడేళ్లు నోట్లు లెక్కపెట్టినోడివి” అన్నారు. ఆ రోజు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

నేను 1982లో ఉద్యోగంలో చేరాను. మొదటి రోజు హెడ్ క్యాషియర్ గారు నా ముందు నోట్ల కుప్ప పోసి చెప్పిన పాఠం ఒకటే: “బొమ్మ పైకి.” నూరు నోట్లు ఒక ప్యాకెట్, పది ప్యాకెట్లు ఒక బండిల్, ప్రతి నోటూ బొమ్మ పైకి, తల ఒకే వైపుకి. స్పాంజి తడి ఉంటే సరే, లేకపోతే వేలు నోటికి పోయేది. రెండు మూడేళ్లు గడిచాక కళ్లు మూసుకున్నా చేతులు నోటుని తిప్పి బొమ్మ పైకి పెట్టేవి.

అప్పట్లో బొమ్మ అంటే మనిషి కాదు, అశోకుడి సింహాలు. వెనక రూపాయికి సముద్రంలో చమురు తవ్వే సాగర్ సామ్రాట్, రెండు రూపాయలకి ఆర్యభట్ట ఉపగ్రహం, ఐదుకి ట్రాక్టరు మీద రైతు, పదికి నెమలి, ఇరవైకి కోణార్క చక్రం, యాభైకి పార్లమెంటు. స్వాతంత్ర్యం వచ్చాక రాజుగారి బొమ్మ తీసేసినప్పుడు అక్కడ గాంధీని పెడదామనే మొదట అనుకున్నారు. నమూనాలు కూడా తయారయ్యాయి. చివరికి 1949లో రూపాయి నోటు మీదికి సారనాథ్ సింహాలు వచ్చాయి. 1969లో శతజయంతికి సేవాగ్రామం ముందు కూర్చున్న గాంధీని వేశారు గానీ అది ఆ సందర్భం వరకే. 1987లో వచ్చిన ఐదువందల నోటు మీద ఆయన మొహం కనిపించింది. 1996 నుంచి వరసగా అన్ని నోట్ల మీదికీ వచ్చేశాడు. ఆ నవ్వు 1946లో, ఇప్పటి రాష్ట్రపతి భవన్ దగ్గర, బ్రిటిష్ మంత్రి పెథిక్ లారెన్స్ పక్కన నిలబడి ఉండగా తీసిన ఫొటోలోది. పక్కనున్న దొరని కత్తిరించేసి నవ్వుని మాత్రం ఉంచుకున్నాం.

ఒక్క రూపాయి నోటుకి ఆయన రాలేదు. అది రిజర్వు బ్యాంకు నోటు కాదు, ప్రభుత్వం వేసేది, ఆర్థిక కార్యదర్శి సంతకంతో. దానిమీద ఇంత సొమ్ము చెల్లిస్తానన్న గవర్నరు మాట కూడా ఉండదు. మిగతా నోట్లన్నీ ఆ మాట మీదే నడుస్తాయి. మా తాతల కాలంలో నోటి మాట మీద అప్పు పుట్టేదంటారు. తర్వాత ప్రోనోటు వచ్చింది. ఆ నోటి మాటనే కాగితం మీద అచ్చేసి దేశమంతా తిప్పితే బ్యాంకు నోటు. మాట ఉన్నచోట సాక్షి ఉండాలి కదా. నోటు మీది బొమ్మ ఎందుకో ఆలోచించినప్పుడల్లా నా బుర్ర ఇక్కడే ఆగేది.

బొమ్మ ఎవరిదో తేల్చేది ఎవరు? చట్టం సూటిగానే ఉంది. 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టం 25వ సెక్షను ప్రకారం బ్యాంకు కేంద్ర బోర్డు సిఫారసు చేయాలి, కేంద్ర ప్రభుత్వం ఆమోదించాలి. అరుగు మీద వాదించుకునే మనకి అందులో ఓటు లేదు. అయినా ఆ నోటు జేబులో పెట్టుకు తిరిగేది మనమే కాబట్టి వాదించుకోవడం తప్పు కాదు.

దేవుడు డబ్బు మీద ఉండటం మనకి కొత్తా అంటే, కాదు. వరహా అన్న పేరే వరాహమూర్తిది. విజయనగర రాజుల బంగారు నాణేల మీద ఉమామహేశ్వరులు, లక్ష్మీనారాయణులు, బాలకృష్ణుడు, దేవేరులతో వేంకటేశ్వరుడు ఉన్నారు. మా పక్కనున్న మద్రాసులో ఈస్టిండియా కంపెనీ దొరలు కూడా వేంకటేశ్వరుడు, ఇద్దరమ్మవార్లతో నాణెం వేయించారు. మూడు స్వాముల పగోడా అనేవారు దాన్ని. వాళ్లకి వేంకటేశ్వరుడి మీద భక్తి ఉండి వేయలేదు, ఆ బొమ్మ ఉంటేనే ఇక్కడి వర్తకుడు పుచ్చుకుంటాడని వేశారు. అంతకు ఐదొందల ఏళ్ల ముందు ఉత్తరాదిని గెలిచిన మహమ్మద్ ఘోరీ తన బంగారు నాణెం మీద పాత రాజులు వేసిన లక్ష్మీదేవినే కూర్చోబెట్టి, వెనక తన పేరు నాగరిలో చెక్కించాడు. దీన్నిబట్టి నాకర్థమైంది ఒకటే. నాణెం మీది దేవుడు నాణెం వేసినవాడి నమ్మకానికి గుర్తు కాదు, పుచ్చుకునేవాడి నమ్మకానికి పట్టిన ఎర.

ఈ సంగతి మా గుడి అయ్యవారికి చెప్పి, “పాతకాలంలో లేని దోషం ఇప్పుడెట్టా వచ్చింది స్వామీ?” అన్నాను.

“బంగారు కాసు నలగదు, చిరగదు. కరిగిస్తే పుస్తెలవుతుంది. గుచ్చితే కాసులపేరు అయి మెడలో ఉంటుంది. నీ నోటు అట్టా కాదు గదయ్యా. వేలు నోట్లో పెట్టుకుని ఎంగిలి పూసి తిప్పుతారు. అమ్మవారి మొహాన ఎంగిలి పూయమంటావా?” అన్నారాయన.

“లక్ష్మీ బాంబు మీద ఉన్నది ఎవరు మరి? వత్తి ముట్టించి పారిపోవట్లేదా?”

“అందుకే చెప్తున్నా. రావిచెట్టు కింద చూడు.”

చూడక్కర్లేదు, రోజూ చూస్తున్నదే. మా గుడి ప్రహరీ పక్కన రావిచెట్టు మొదట్లో అద్దం పగిలిన పటాలు, పాత క్యాలెండర్లు, వినాయకుడి బొమ్మ ఉన్న శుభలేఖలు. చెత్తకుండీలో వేయడానికి చేతులు రాక, ఇంట్లో ఉంచుకోవడానికి చోటు లేక జనం తెచ్చి అక్కడ వదిలేస్తారు. “చూశావా, అచ్చు వేయడం తేలికే, ఉద్వాసన చెప్పడమే కష్టం. విగ్రహానికి ఆవాహన ఎట్టా చేయాలో రాసినవాళ్లు, భిన్నమైతే ఎక్కడ నిమజ్జనం చేయాలో కూడా రాశారు. మీ పాత నోట్లకి ఏం చేస్తారు?”

చేసేది నాకు తెలుసు. చిరిగి మాసిన నోట్లు మా దగ్గర్నుంచి రిజర్వు బ్యాంకుకి పోతాయి. అక్కడ యంత్రం వాటిని పేలికలుగా కోసి ఇటుకల్లా అదుముతుంది. ఆ మాట చెబితే అయ్యవారు చెవులు మూసుకున్నారు.

కానీ ఆయన వాదంలో ఒక చిల్లు ఉంది, ఆయనకీ తెలుసు. శుభలేఖని రావిచెట్టు కింద వదిలేస్తారు. నోటుని వదిలేసినవాణ్ణి నా సర్వీసులో చూడలేదు. చెదలు తిన్న నోట్లు, చీరతోపాటు సబ్బునీళ్లలో ఉడికిన నోట్లు, ఎలుక కొరికిన నోట్లు, అన్నిటినీ కవర్లో పెట్టుకుని నా కౌంటరు ముందుకి తెచ్చారు. మనం నిజంగా పారేయని బొమ్మ ఏదన్నా ఉంటే అది నోటు మీది బొమ్మే. కాబట్టి అగౌరవం అన్న ఒక్క కారణంతో ఈ ప్రశ్న తేలదు.

ఇంకో వైపు నుంచి చూద్దాం. గుడికి వెళ్లడం నా ఇష్టం, పటం కొనుక్కోవడం నా ఇష్టం. నోటు అలా కాదు. చట్టం ప్రకారం అది చెల్లుబాటు అయ్యే సొమ్ము. జీతంగా, చిల్లరగా, కూలిగా నా చేతిలోకి వచ్చి తీరుతుంది. నేను కోరని బొమ్మ నా జేబులో ఉండటం నోటు విషయంలోనే జరుగుతుంది. 2016లో ఇంగ్లండు వాళ్లు ప్లాస్టిక్ ఐదు పౌండ్ల నోటు తెచ్చారు. దాని తయారీలో పశువుల కొవ్వు ఆనవాళ్లున్నాయని బయటపడి హిందువులు, జైనులు, శాకాహారులు గోలపెట్టారు. మా మేనకోడలు అక్కడే ఉంది. “అది పర్సులో పెట్టుకుని తులసి దగ్గర దీపం పెట్టబుద్ధి కావట్లేదు మామయ్యా” అంది ఫోన్లో. మరుసటేడు అక్కడి బ్యాంకు అందర్నీ అడిగి, ఆలోచించి, ఆ పద్ధతే ఉంచేసింది. మన దగ్గర లక్ష్మీదేవిని వేస్తే ఆ ఇబ్బంది ఇంకొకరిదవుతుంది, అంతే తేడా.

ఎవరిదవుతుందో నాకు తెలుసు. మా బ్రాంచిలో అకౌంటెంటుగా చేసిన ఆయన క్రైస్తవుడు. పన్ను కట్టొచ్చా లేదా అని యేసుని ఇరికించబోతే, ఆయన నాణెం తెమ్మని దానిమీద బొమ్మ ఎవరిదని అడిగిన కథ ఆయనే నాకు చెప్పాడు. బొమ్మ చక్రవర్తిది, కాబట్టి అది చక్రవర్తికి ఇచ్చేయండి, దేవుడిది దేవుడికి ఇవ్వండి అన్నాడట. “దేవుడి బొమ్మ ఉన్న నాణెం ఏదో తెలుసా సార్? మనిషి. దేవుడు తన పోలికతో చేసింది మనిషినే” అన్నాడు మా అకౌంటెంటు. ముస్లిములదీ పాత పట్టింపే. ఖలీఫా అబ్దుల్ మాలిక్ హిజ్రీ 77లో బంగారు దీనారు మీద మనిషి బొమ్మ తీసేసి అక్షరాలు మాత్రమే ఉంచాడు. మన హైదరాబాదు ఏడో నిజాం కూడా తన రూపాయి మీద మొహం వేసుకోలేదు. చార్మినార్ వేసి, దాని గుమ్మంలో తన పేరు మొదటి అక్షరం ఒక్కటి పెట్టుకున్నాడు. అంత డబ్బున్న మనిషి అంత తక్కువ చోటుతో సరిపెట్టుకున్నాడని నాకు ముచ్చటేస్తుంది.

మనుషుల బొమ్మలకి వేరే చిక్కుంది. కాలం తిరగబడితే చెరపాల్సి వస్తుంది. నేపాల్లో రాచరికం పోయే సమయానికి ఐదువందల నోటు కాగితం రాజుగారి నీటిగుర్తుతో ముందే తయారై ఉంది. 2007లో ఆ గుర్తు మీద ఎర్రటి గురాస్ పువ్వు అచ్చేసి కప్పేశారు, రాజుండే చోట ఎవరెస్టు శిఖరం వచ్చింది. బంగ్లాదేశ్ 2025 జూన్‌లో కొత్తగా తెచ్చిన నోట్ల మీద ముజిబుర్ రెహమాన్ లేడు. ఇరవై టాకాల నోటు మీద కాంతజీ గుడి ఉంది. ఈ గొడవంతా ఎందుకని ఐరోపా వాళ్లు 2002లో తెచ్చిన యూరో నోట్ల మీద ఎక్కడా లేని వంతెనలు గీయించారు. అయితే నెదర్లాండ్స్‌లో స్పైకెనిస్సె అనే ఊరివాళ్లు ఆ లేని వంతెనల్ని నిజంగా కట్టేసుకున్నారు. మనిషికి ఊరికే గీసిన బొమ్మ చాలదు కాబోలు, దానికో ఊరు కావాలి.

మన నోట్ల వెనక కూడా గుళ్లున్నాయి, చాలామంది గమనించరు. 1954లో వచ్చిన వెయ్యి రూపాయల నోటు మీద తంజావూరు బృహదీశ్వరాలయం ఉండేది. ఇప్పుడు పది వెనక కోణార్క, ఇరవై వెనక ఎల్లోరా, యాభై వెనక హంపీ రాతిరథం. తంజావూరు సంగతి వేరు గానీ, ఈ మూడూ నిత్యపూజ లేని చోట్లే. ఎవరు ఏమనుకుని ఎంచారో గానీ, దీపం వెలిగే గర్భగుడిని సంతలోకి లాగకుండా, శిల్పి చెయ్యి మాత్రం తెచ్చారు. నాకది సబబుగా తోస్తుంది.

“ఇన్ని చెబుతున్నావ్, మన తెలుగువాడు ఒక్కడన్నా ఉండొద్దా?” అన్నారు అరుగు మీద ఒకాయన. ఉన్నాడు. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ఎన్టీ రామారావు శతజయంతి నాణెం విడుదల చేశారు, వంద రూపాయలది. మా ఎదురింటి ఆయన కొని తెచ్చి బీరువాలో లక్ష్మీపూజ సామాను పక్కన పెట్టాడు. రాముడిగా, కృష్ణుడిగా, వేంకటేశ్వరుడిగా చూసిన మొహం కదా, కళ్లకద్దుకున్నాడు కూడా. అది స్మారక నాణెం, బజారుకి పోదు. గౌరవం కోసం వేసింది బీరువాలో ఉంటుంది, చెలామణీ కోసం వేసింది చేపల మార్కెట్లో ఉంటుంది. ఎవరినైనా గౌరవించాలనుకుంటే స్టాంపు ఉంది, స్మారక నాణెం ఉంది, విగ్రహం ఉంది. నోటు గౌరవాల పలక కాదు. మరి దానిమీద మొహానికి పనేంటి?

తిరుమలలో పరకామణి సేవకి వెళ్లినప్పుడు ఈ ప్రశ్న నాకు బాగా దగ్గరకొచ్చింది. జేబుల్లేని బట్టలు కట్టుకుని నేల మీద కూర్చుంటాం. హుండీ కొప్పెరలోంచి వచ్చిన సొమ్ము లెక్కపెట్టడానికి మన ముందు పోస్తారు. విదేశీ నోట్లు విడిగా తీస్తారు. అమెరికా నుంచి మనవాళ్లు తెచ్చిన వాషింగ్టన్, లండన్ నుంచి వచ్చిన ఎలిజబెత్ రాణి, మలేషియా నుంచి వాళ్ల మొదటి రాజు. డాలరు మీద దేవుణ్ణి నమ్మామన్న మాట కూడా ఉంటుంది, 1957 నుంచి కాగితం నోటు మీద వేస్తున్నారు. అంతమంది ఏలికలు పసుపు కుంకుమ అంటుకుని, ముడతలు పడి, ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. అలవాటు కొద్దీ నా చేతులు ఒక్కొక్కరినీ బొమ్మ పైకి తిప్పుతున్నాయి. ఏ నోటూ దేవుడి బొమ్మ ఉన్నందుకు అక్కడికి రాలేదు. ఎవరో మొక్కుకున్నందుకు వచ్చింది.

ఆ కుప్ప ముందు కూర్చుంటే భద్రాచల రామదాసు గుర్తొచ్చాడు. సర్కారు పన్ను సొమ్ముతో గుడి కట్టించి గోల్కొండ చెరసాలలో పడ్డాడు. ఏ నగకి ఎంతైందో రాముడికే లెక్క అప్పజెప్పాడు కీర్తనలో. కథ ప్రకారం చివరికి రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీలుగా వచ్చి తానీషాకి ఆరు లక్షలూ కట్టారు, రాముడి బొమ్మ ఉన్న రామమాడలతో. భక్తులు ఆ మాడల దగ్గర పరవశించి ఆగిపోతారు. క్యాషియర్ని కాబట్టి నేను ఇంకొంచెం ముందుకెళ్లి ఆగుతాను. రాముడు సొమ్ము కట్టి ఊరుకోలేదు, తానీషా దగ్గర రసీదు రాయించుకున్నాడు. తన బొమ్మే నాణెం మీద ఉన్నా, అది చాలదని ఆయనకి తెలుసు. బొమ్మ లెక్కకి బదులు కాదు.

ఇక నా సొంత సంగతి. దీన్ని ఇన్నేళ్లూ అరుగు మీద చెప్పలేదు.

2001లో మా నాయన పోయారు. ఊళ్లో ఉన్న ఎకరన్నర నా పేరు మీదికి మారాలి. ఒక కార్యాలయానికి ఆరుసార్లు తిరిగాను. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి, సంతకం మాత్రం పడట్లేదు. ఏడోసారి వెళ్లేటప్పుడు జేబులో ఐదువందల నోటు పెట్టుకున్నాను. గుమ్మం బయట దాన్ని తీసి నాలుగు మడతలు పెట్టాను. లోపలికెళ్లి ఫైలు కింద జరిపాను. సంతకం అరగంటలో అయింది.

బస్సెక్కి కూర్చున్నాక గమనించాను. పంతొమ్మిదేళ్లుగా బొమ్మ పైకి తిప్పడం తప్ప ఇంకోటి ఎరగని చేతులు, ఆ నోటుని బొమ్మ లోపలికి మడిచాయి. నేను ఆలోచించి చేయలేదు, చేతులు చేశాయి. ఆ నవ్వు కనపడకుండా ఉంటే బాగుండునని వాటికి తోచింది. లంచం ఇవ్వకుండా అది నన్ను ఆపలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఏదో చూస్తోందని చేతులకి తెలిసింది. నోటు మీది బొమ్మకి నాకు తెలిసిన పని అదొక్కటే.

అక్కడ లక్ష్మీదేవి ఉండి ఉంటే ఏం చేసేవాణ్ణి? చాలాసార్లు నన్ను నేను అడిగాను. నిజం చెప్పాలంటే, మడిచేవాణ్ణి కాదు. కళ్లకద్దుకుని, అమ్మా నీదే భారం అనుకుని, బొమ్మ పైకే ఇచ్చేవాణ్ణి. పని అయ్యాక శుక్రవారం గుడికెళ్లి హుండీలో ఇంకో నోటు వేసేవాణ్ణి. దేవుడితో మనకి లెక్క ఉంది. మొక్కు ఉంది, ముడుపు ఉంది, ప్రాయశ్చిత్తం ఉంది, తలనీలాలు ఉన్నాయి. తప్పు చేసినా తిరిగి దగ్గరకెళ్లే దారి ఉంది. ఆ దారి ఉండాలి, లేకపోతే మనలాంటివాళ్లు ఎక్కడికి పోతాం? అయితే ఆ దారిని లంచం ఇచ్చే బల్ల దాకా వేయకూడదు. గాంధీకి మొక్కు లేదు. ఆయనకి కొబ్బరికాయ కొట్టి తప్పు మాఫీ చేయించుకోలేం. పైగా డబ్బు విషయంలో ఆయన గట్టి మనిషి. 1921లో కాకినాడ వచ్చినప్పుడు, దేవదాసీలతో, ముస్లిం స్త్రీలతో ఆయన మాట్లాడాలంటే ఐదువేలు విరాళం కావాలని అక్కడి నిర్వాహకులు అన్నారు. దుర్గాబాయి అనే చిన్నపిల్ల ఆ సొమ్ము పోగుచేసింది. ఆ స్త్రీలు నగలు ఒలిచి ఇచ్చారు. అలా వచ్చిన ప్రజల పైసకి లెక్క చూసుకున్నవాడు.

ఈ సంగతి చివరికి అయ్యవారికి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “దేవుడు సాక్షి కాదంటావా అయితే?” అన్నారు.

“కాదనట్లేదు స్వామీ. ఆయన మన పక్షాన ఉన్నాడనుకుంటాం. పక్షం ఉన్న సాక్షిని కోర్టు అంత తేలిగ్గా నమ్మదు గదా.”

“సూర్యుణ్ణి కర్మసాక్షి అంటాం. ఆయనకి పక్షం లేదు. దానశాసనాల రాళ్ల మీద కూడా పైన సూర్యచంద్రుల్ని చెక్కేవారు” అన్నారాయన.

నేను జేబులోంచి పది రూపాయల నోటు తీసి వెనక్కి తిప్పి చూపించాను. కోణార్క చక్రం. సూర్యుడి రథచక్రం. ఆయన నోటుని దూరంగా పట్టుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చూశారు. “ఇది ఎప్పట్నుంచి ఉంది?” అన్నారు. ఈ పది మీద 2018 నుంచి, అంతకుముందు ఎర్ర ఇరవై మీద ఉండేదని చెప్పాను.

కాబట్టి నా తీర్పు ఇది. దేవుడు గుడిలో ఉండాలి, మనం తప్పు చేసి వెళ్లినా తలుపు తీసేవాడిగా. నోటు మీద మాత్రం మొక్కు చెల్లనివాడే ఉండాలి. రేపు గాంధీని తీసి ఇంకొకరిని పెట్టినా నాకు పేచీ లేదు. ఆ మొహం గౌరవనీయమా అని అడగొద్దు, ఏ కులానికి ఏ రాష్ట్రానికి వాటా అని అడగొద్దు. లంచం ఇచ్చేవాడి చెయ్యి ఆ మొహాన్ని లోపలికి మడుస్తుందా లేదా అని అడగండి. మడిస్తే చాలు, సాక్షి పని చేస్తున్నట్టే.

ఈ ఏడు కూడా అమ్మవారి చీర అంచుకి పది రూపాయల నోట్లే పెడతాం. మీరు రేపు ఎక్కడన్నా ఎవరికన్నా నోటు ఇచ్చేటప్పుడు ఒక్క క్షణం ఆగి మీ చేతివంక చూసుకోండి. బొమ్మ పైకి ఉందా, లోపలికి ఉందా.